అత్తకు పట్టుకెళ్ళిన బాగినం

ఈసారి గౌరి పండుగకు మా కోడలు ఫోన్లో ఏదో నొక్కింది. నేను తలకు పోసుకుని వచ్చి జుట్టు ఆరబెట్టుకునేలోపల ఎవరో తలుపు కొట్టి అట్టపెట్టె ఒకటి ఇచ్చిపోయారు. విప్పి చూస్తే బాగినం! అరచేతంత ప్లాస్టిక్ చేటలు రెండు, వాటికి బంగారు రంగు కాగితం, లోపల చిటికెడు బియ్యం, చిటికెడు పప్పు బేడలు, బొమ్మలకు కూడా పట్టని గాజులు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లో నాలుగో అంతస్తు దాకా గౌరమ్మ లిఫ్టులో వచ్చిందన్నమాట.

"వదినకు కూడా ఒకటి బుక్ చేశానత్తయ్యా. బెళ్ళందూరుకు అరగంటలో వెళ్ళిపోతుంది" అంది కోడలు. వదినంటే నా కూతురు. మంచి పిల్లే మా కోడలు, పాపం ఆఫీసు పనిలో ఉండి కూడా ఆడబిడ్డను మరిచిపోలేదు. తిట్టడానికి నోరు రాలేదు. కానీ మనవరాలు "బాగిన అంటే మీనింగ్ ఏంటవ్వా?" అని నన్నడిగితే, నేను నోరు తెరిచేలోపల మా కోడలే "రిటర్న్ గిఫ్ట్ లాంటిదిరా" అనేసింది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. రిటర్న్ గిఫ్టంట! బాగినం రిటర్న్ కావడమంటే ఏమిటో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మా ఇంటి బాగినం మూడేళ్ళు వరసగా రిటర్నే అయింది.

మా ఇల్లు అప్పట్లో పాత బెంగళూరు పేటలో, ఒక బండి పోతుంటే ఇంకో బండి ఆగాల్సినంత సందులో ఉండేది. ముందుగదిలో రెండు గుంత మగ్గాలు, వెనకగదిలో మేము. ఇల్లు మగ్గాలదే, మేమే వాటి దగ్గర అద్దెకున్నట్టు ఒదిగి బతికేవాళ్ళం. గంజి వాసన, ఉడకేసిన పట్టు వాసన, పొయ్యిలో చింతకట్టెల పొగ, అన్నీ కలిసి మా గుడ్డల్లో, జుట్టులో కూడా ఉండేవి. బళ్ళో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. బడి నుంచి రాగానే నా పని మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టడం. చుట్టకపోతే మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, "తినేటప్పుడు మాత్రం పది చేతులు, పనికి ఒక్క చెయ్యీ లేదా?" అని మొదలుపెట్టేది. ఆమె నోరు సందు చివర దాకా వినపడేది.

వినాయక చవితికి ముందురోజు గౌరి పండుగ. మా తెలుగువాళ్ళం బెంగళూరికి వచ్చి ఎన్ని తరాలయిందో మాకే తెలియదు. కన్నడం వాళ్ళ పండుగలన్నీ మావి, మా వంటలన్నీ వాళ్ళవి అయిపోయాయి. ఆ రోజు పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటి నుంచి బాగినం పోవాలి. మేదరివాళ్ళు అల్లిన కొత్త చేటలు తెచ్చి, కడిగి, పసుపు పూసి ఎండబెట్టి, ఒక చేటలో బియ్యం, కందిబేడలు, పెసలు, బెల్లం అచ్చు, కొబ్బరికాయ, రవికె గుడ్డ, గాజులు, నల్లపూసలు, పసుపు కుంకుమ, దువ్వెన, చిన్న అద్దం పెట్టి, రెండో చేట దానిమీద మూతవేసి పసుపు దారంతో కడతారు. అది అన్నో తమ్ముడో మోసుకుపోయి చేతికివ్వాలి. ఎంత కలిగిన ఇంటి కోడలైనా ఆ రోజు పొద్దుటినుంచి వాకిలి వైపే చూస్తూ ఉంటుంది.

అవ్వ బొట్టు తీసేసిన మనిషి కాబట్టి బాగినం తన చేత్తో కట్టకూడదు. కట్టేది మా అమ్మ. పెత్తనం మాత్రం అవ్వది. గడప అవతల కూర్చుని "బెల్లం అచ్చు పెద్దది పెట్టవే, నీ పుట్టింటిదేం కరిగిపోదులే" అని అమ్మను సాధించేది. నేను ఆ అద్దం కోసం కాచుకుని ఉండేదాన్ని. చేటలో పెట్టేలోపల దాన్ని కాజేసి, అరుగు మీద కునుకుతున్న చిన్నతాత మొహం మీదికి ఎండ కొట్టేదాన్ని. ఆయన మా తాతకు తమ్ముడు. కళ్ళు మూసుకునే "ఏ గాడిదే అది?" అనేవాడు. ఏ గాడిదో ఆయనకు బాగా తెలుసు.

అవ్వకు మా నాయన, చిన్నాయన, మధ్యలో ఒక్కతే కూతురు, ఇంట్లో అందరూ పాప అని పిలిచే మా అత్త. అత్తను కె.ఆర్.పురంలో ఇచ్చారు. అప్పుడది ఊరికి దూరం. బస్సు దిగితే పొలాలు, ద్రాక్షతోటలు, సంత. అత్త పుట్టింటికి వచ్చిందంటే మా ఇంట్లో మగ్గాల చప్పుడు కూడా తగ్గినట్టుండేది, ఆమె నవ్వు అంత పెద్దది. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. నన్ను ఒళ్ళో వేసుకుని తల దువ్వుతూ వాళ్ళ అత్తగారు నడిచినట్టు, తుమ్మినట్టు చేసి చూపించేది. అవ్వ పైకి "తప్పే, పెద్దావిడను అట్ల అనకూడదు" అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఆ రాకపోకలు ఒక తాంబూలంతో ఆగిపోయాయి. మా చిన్నాయన పెళ్ళిలో మొదటి తాంబూలం ఇంటి అల్లుడికి ఇవ్వాలి. ఆ సందడిలో ఎవరు ఎలా పొరబడ్డారో, అది ఆడపెళ్ళివారి పెద్దమనిషి చేతికి పోయింది. ఆ అల్లుడు, అంటే మా మామ, ఆకు ముందు నుంచి అన్నం ముట్టకుండానే లేచి, అత్తను బయలుదేరదీసి వెళ్ళిపోయాడు. నాయన వెంటపడి బతిమాలితే ఏమయ్యేదో. ఆయన కూడా అవ్వకు పుట్టినవాడే కదా, "ఒక ఆకుకు, ఒక వక్కకు ఇంత రోషమా?" అన్నాడు. ఆ మాటను మోసుకుపోయి మామ చెవిలో వేసిన పుణ్యాత్ములు ఎవరో కూడా ఉన్నారు. దాంతో అయిపోయింది.

ఆ ఏడు గౌరి పండుగకు నాయన పోలేదు. మా మగ్గం మీద కూలికి నేసే మనిషి చేత బాగినం పంపాడు. సాయంత్రానికి అతను దాన్ని అలాగే తెచ్చి అరుగు మీద పెట్టాడు. పసుపు దారం ముడి కూడా విప్పలేదు. "అల్లుడయ్యోరు వాకిట్లోనే నిలబెట్టి మళ్ళీ తీసుకపొమ్మన్నారప్పా" అన్నాడు. ఇక ఆ చేటలను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఒకరి పేరు మీద కట్టిన బాగినం ఇంకొకరికి ఇవ్వకూడదు. విప్పి ఇంట్లో వండుకోనూ కూడదు. అవ్వ దాన్ని అటక మీద పెట్టించింది. మరుసటేడు ఇంకొకటి దాని పక్కన చేరింది. ఆ పై ఏడు మూడోది. బియ్యానికి పురుగు పట్టి, పిండి సన్నగా కింద మగ్గం మీదికి రాలేది. నాయన గుడ్డతో తుడుచుకుని మళ్ళీ నేసేవాడు. అవ్వ గట్టిగా తిట్టడం మానేసింది. ఆమె తిట్టకపోతే ఇల్లు ఎంత పాడుబడినట్టుంటుందో అప్పుడే తెలిసింది నాకు.

నాలుగో ఏడు పండుగ దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం నేను చిన్నతాత దగ్గర కండెలు చుడుతూ కూర్చున్నాను. మా పురోహితుడు వాయనం అంటాడు, పక్కింటి కన్నడమామి బాగిన అంటుంది, మేమేమో బాగినం అంటాం, ఏది సరి అని అడిగాను. చిన్నతాత భజన మందిరంలో పురాణం చదివేవాడు, మాటలంటే ఆయనకు పిచ్చి. మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోయి సర్దుకుని కూర్చున్నాడు.

"అన్నీ ఒకటేనే పిచ్చిదానా. వాయనం కన్నడం వాళ్ళ నోట్లో పడి బాయిన అయింది, బాయిన నలిగి నలిగి బాగిన అయింది. మనం దానికి ఒక సున్నా తగిలించి మళ్ళీ తెచ్చుకుంటిమి. దానెనకాల ఇంకో పెద్ద మాట ఉండాది, ఉపాయనం అని. ఉప అంటే దగ్గర. అయనం అంటే పోవడం. దగ్గరికి పోవడం, అంతే."

"మరి ఇచ్చేది ఏదీ దాంట్లో?" అన్నాను.

"ఇచ్చేది యాడుండాది దాంట్లో? పెద్దోళ్ళ దగ్గరికి, అయినోళ్ళ దగ్గరికి ఉత్తచేతులతో పోకూడదని ఏదో ఒకటి పట్టుకపోయేవాళ్ళు. ముందు పోయేదానికి పేరు పెట్టినారు. ఆ పేరు తర్వాత చేతిలో ఉండేదానికి అంటుకునె." అని, నాయన నేస్తున్న మగ్గం గది వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఇప్పుడేమో చేటలు పోతాయి, మనిషి పోడు. అది బాగినం ఎట్లయితాదప్పా? అది ఉత్త మూట. మూటను ఎవరైనా ఎనక్కి పంపుతారు."

మగ్గం చప్పుడు ఆగింది. చిన్నతాత చెప్పిన పుట్టుపూర్వోత్తరాలను పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. మా నాయన మాత్రం ఒప్పుకున్నాడు.

పండుగ పొద్దున నాయన తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, పెళ్ళినాటి కండువా భుజాన వేసుకున్నాడు. అమ్మ బాగినం కడుతుంటే అవ్వ గడప అవతల కూర్చుని బియ్యం తనే కొలిచి లోపలికి తోసింది. "ఈ పిల్లను తోడు తీసుకపో నాయనా. పిల్లను చూసైనా అల్లుడు మెత్తబడతాడు. ఏమన్నా అంటే పడు. కాళ్ళు పట్టుకో. నీకేం తక్కువ కాదు" అంది. నాయన తల ఊపాడు. ఆయన ఎవరిమాటకూ అలా తల ఊపడం నేనెప్పుడూ చూడలేదు.

బస్సులో చేటలను ఒళ్ళో పెట్టుకుని దారిపొడుగునా దేవుడి పల్లకీ మోస్తున్నట్టు కూర్చున్నాడు. ఎవరైనా తగిలితే "మెల్లిగా అప్పా, తవరుమనె బాగినం, పుట్టింటి బాగినం" అని కన్నడంలో, తెలుగులో చెప్పుకున్నాడు. జనం దారి ఇచ్చారు. పక్కన కూర్చున్న ముసలాయన "ఆడపిల్లకా? పోయిరా అప్పా, మంచి పని" అంటే నాయన నవ్వాడు. మధ్యమధ్యలో తనలో తానే ఏదో అనుకుంటున్నాడు. మామతో ఏం మాట్లాడాలో వల్లెవేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. "బావా, తప్పు మాదే" అన్న ముక్క నాకు వినపడింది కూడా.

అత్త వాళ్ళ వాకిట్లో ముగ్గు లేదు. అరుగు మీద అత్త అత్తగారు రాగులు చెరుగుతూ ఉంది. తల ఎత్తి, నాయనను చూసి, ఆయన చేతిలో చేటలను చూసింది.

"నేనే అత్తా, పేట నుంచి" అన్నాడు నాయన.

"సావుకు రానోడివి పండగకు వచ్చినావా అప్పా?" అంది ఆమె.

నాయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. "ఎవరి సావు అత్తా?" అన్నాడు. ఆమె చేతిలో చేట ఆగిపోయింది. ఆ మాట విని లోపలి నుంచి అత్త గడప దాకా వచ్చింది. నుదురు ఉత్తది. చేతులు ఉత్తవి. నేను ముందు ఎవరో అనుకున్నాను.

మా మామ ఆషాఢంలో పోయాడు. జ్వరమని పడుకుని లేవలేదట. మా వాళ్ళలో వార్త గాలికంటే ముందు పోతుందంటారు. ఆ వార్త మాత్రం మా సందులోకి రాలేదు. తెలిసినవాళ్ళంతా అన్న ఇంటికి తెలియకుండా ఉంటుందా అనుకున్నారు.

నాయన అరుగు మీద కూలబడ్డాడు. చేటలు ఒళ్ళోనే ఉన్నాయి. "నాకు తెల్దు పాపా. ఎవరూ చెప్పలేదు. నీ మీద ఒట్టు, నాకు తెల్దు" అని అదే మాట అంటున్నాడు.

"మా మరిది మీకు వచ్చి చెప్పినానన్నాడే అన్నా? నేను ఆ రోజంతా వాకిలి చూస్తినే. ఎత్తుకపోయేదాకా చూస్తినే" అంది అత్త.

అత్తగారు రాగుల వైపు చూస్తూనే అంది: "పోవద్దని వాణ్ణి నిలిపింది నేనే. తాంబూలం ఇయ్యనోళ్ళకు కబురెందుకు అనుకుంటి. కొడుకు పోయిన మంటలో అనుకుంటినప్పా." ఆమెను అనడానికి ఏముంది? ఆమె కడుపు ఆమెకు కాలింది. మా అత్త బతుకు మాత్రం, మొగుడి శవం దగ్గర పుట్టింటి మనిషి ఒక్కడు లేకుండా అయిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

నాయనకు అప్పుడు గుర్తొచ్చింది, తన ఒళ్ళో ఏముందో. నల్లపూసలు, గాజులు, కుంకుమ. ఎవరికి తెచ్చాడవి! గబగబా కండువా తీసి చేటల మీద కప్పాడు. దొంగసొత్తు దాచినట్టు దాచాడు. "తెలీక తెచ్చినా పాపా. పెద్ద తప్పయిపోయె" అని లేవబోయాడు.

"యాడికి ఎత్తుకపోతావు? ఇట్లియ్యి" అంది అత్త.

"వద్దులేవే, చూస్తే ఊరు నవ్వుతాది" అంది అత్తగారు.

"నవ్వనీ అత్తా. మూడేండ్లు ఇది వాకిటి దాకా వస్తే తలుపెనక నిలబడి చూస్తిని. చెయ్యి చాపే దానికి లేకపోయె. ఈరోజు వద్దనేటోడు లేడు. మా అన్న మోసుకోని వచ్చినాడు. నాకు కావాల." అత్త కొంగు పట్టింది. నాయన ఇవ్వలేక, ఇవ్వకుండా ఉండలేక అల్లాడిపోయాడు. చివరికి కండువాతో సహా ఆ చేటలు ఆమె కొంగులో పెట్టి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అత్త నడవలో కూర్చుని తన చేత్తో ముడి విప్పింది. పసుపు, కుంకుమ, నల్లపూసలు పక్కకు తీసి గౌరమ్మ పటం ముందు పెట్టింది. గాజులు నా చేతులకు తొడిగింది. అవి పెద్దవై మోచేతిదాకా జారితే, ఆ గడియలో కూడా నన్ను చూసి నవ్వింది. తర్వాత బియ్యం గుప్పిట్లోకి తీసుకుని చూసి, "అమ్మ కొలిచిందా?" అని అడిగింది. అవునన్నాను. "అన్నా, బియ్యానికేమన్నా బొట్టుంటాదా? నా పుట్టింటి బియ్యం. నేను తింటా, నువ్వూ తినిపో" అని పొయ్యి ముట్టించింది.

అన్నం, పప్పు, చివర్లో బెల్లం ముక్క. అంతే వంట. నాయన ముద్ద కలుపుతాడు, ఏడుస్తాడు. "తిను అన్నా, చల్లారిపోతాది" అని ఆమె వడ్డిస్తూనే ఉంది. అత్తగారికి కూడా ఆకు వేసింది. ఆ ముసలామె మొదట వద్దని మొహం తిప్పుకుంది. తర్వాత మారు అడిగి పెట్టించుకుంది.

బయలుదేరేటప్పుడు అత్త మాతోబాటు సందు మొగదాకా రాలేదు. కొత్తగా అలా అయినవాళ్ళు ఏడాది దాకా గడప దాటకూడదట. లోపలి నుంచే చెప్పింది: "అమ్మకు ఈ పూట చెప్పొద్దన్నా. రేపు చెప్పు. ఈ ఒక్క పూట సంతోషంగా ఉండనీ."

దీపాల వేళకు ఇల్లు చేరాం. అవ్వ వీధి వాకిట్లోనే నిలబడి ఉంది. మేము ఇంకా పది ఇళ్ళవతల ఉండగానే నాయన చేతులు ఖాళీగా ఉండటం చూసి ఎదురొచ్చింది.

"తీసుకునెనా నాయనా?"

"తీసుకునెమ్మా. ముడి కూడా తనే విప్పె. మాకు వండి పెట్టె."

"నా తల్లే! అల్లుడు ఏమన్నాడు?"

నాయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. నొప్పి పుట్టింది, అయినా నేను నోరు తెరవలేదు.

"ఏమీ అనలేదమ్మా" అన్నాడు.

"ఏమీ అనలేదంటే మెత్తబడినట్టే. మొగోళ్ళు అంతకంటే ఏం చెప్తారు? వచ్చేవారం నేనే పోయి ఇద్దరినీ పిలుచుకోనొస్తా." అవ్వ ఇంట్లోకి రాలేదు. కాళ్ళ నొప్పులన్నీ ఎటు పోయాయో, అటునుంచి అటే సందులోకి నడిచింది. ఒక్కొక్క గడప దగ్గరా ఆగి "మా అల్లుడు బాగినం తీసుకునెనమ్మా, మా పాప వస్తాది" అని చెబుతుంటే, ఆ పెద్ద గొంతు, మూడేళ్ళకు మళ్ళీ విన్న ఆ గొంతు, మా ఇంటిదాకా వినిపించింది. నాయన మగ్గం గుంతలో దీపం లేకుండా కూర్చున్నాడు. అమ్మకు ఆయన మొహం చూడగానే అర్థమైంది. నన్ను దగ్గరికి లాక్కుంది.

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నాయన చేసింది మంచో చెడో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. అవ్వ ఆ సాయంత్రం ఎవరెవరి గడపకు పోయి ఆ శుభవార్త చెప్పిందో, తెల్లారి నిజం తెలిశాక వాళ్ళంతా ఒక్కొక్కరే తలొంచుకుని పరామర్శకు మా గడపకు వచ్చారు.